పంచాయతీ ట్రాక్టరు: టైర్ల మార్పిడి, విడిభాగముల కొరత

గ్రామపంచాయతీకి సొంతముగా ఒక ట్రాక్టరు ఉండుట ఒకప్పుడు ఊహకైనను అందని విషయము. తెలంగాణమున 2019 సెప్టెంబరులో పల్లెప్రగతి కార్యక్రమము ప్రారంభమైన పిమ్మట, అప్పటి 12,769 గ్రామపంచాయతీలలో దాదాపు ప్రతిదానికిని ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. ఆంధ్రప్రదేశమునందును పెక్కు పంచాయతీలు చెత్త సేకరణకు ఆటోలను, ట్రాక్టర్లను ఉపయోగించుచున్నవి. ఇంటింటి చెత్తను ఊరి వెలుపలికి చేర్చుట, బాటల ప్రక్కన నాటిన మొక్కలకు నీరు పోయుట, వేసవిలో నీటి ఎద్దడి గల వాడలకు మంచినీరు అందించుట మొదలగు పనులు నేడు ఈ బండిపైననే ఆధారపడియున్నవి.

బండిని కొనుట ఒకనాటి పని. దానిని నడుపుకొనుట నిత్యకృత్యము. కొనుగోలునకు చూపిన ఉత్సాహము పోషణయందు చూపకున్నచో ఏమగునో ఒక ఉదాహరణము చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట మే నెలలో ప్రచార కార్యక్రమముపై ఒక గ్రామమునకు వెళ్లితిని. ఊరి చివరనున్న కాలనీకి నీటి ట్యాంకరు వచ్చు వేళకు బిందెలు వరుసగా పేర్చబడియున్నవి. ఎంతసేపు చూచినను ట్యాంకరు రాలేదు. రెండు కిలోమీటర్ల దూరమున టైరు పగిలి అది ఆగిపోయినదని కొంతసేపటికి తెలిసినది. స్టెప్నీ లేదు. పట్టణమున విచారింపగా ఆ కొలత టైరు దుకాణములలో నిలువ లేదనియు, తెప్పించుటకు మూడు దినములు పట్టుననియు చెప్పిరి. ఆ మూడు దినములును కాలనీ స్త్రీలు పొలములలోని బావులకు నడచిరి. పంచాయతీ బాడుగ ట్యాంకరును పిలిపించినను అది కాలనీ అవసరములో సగమునకును చాలలేదు.

"టైరు ఇట్లున్నదని ముందుగా ఎందుకు చెప్పలేదు తమ్ముడా?" అని సర్పంచి అడిగినది. "రెండు నెలల క్రిందటనే చెప్పితిని అక్కా. మీరు ఆనాడు మండల సమావేశమునకు పోవు తొందరలో ఉంటిరి," అని డ్రైవరు బదులు చెప్పెను. ఇరువురి మాటయు నిజమే. చెప్పిన మాట ఎచ్చటను వ్రాయబడలేదు. వ్రాయబడనందున అది పంచాయతీ సమావేశము ముందుకు రాలేదు. లోపము మనుష్యులది కాదు, ఏర్పాటుది. ఆ ఏర్పాటు ఎట్లుండవలెనో తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశ్యము.

టైరు నందు ఏమున్నది?

టైరు పైకి నల్లని రబ్బరు చక్రమువలె కనబడును గాని, అది పెక్కు పదార్థముల కలయిక. సహజ రబ్బరు, ముడి పెట్రోలియము నుండి తీసిన కృత్రిమ రబ్బరు, మసివంటి కార్బన్ బ్లాకు, గంధకము, నైలాను త్రాళ్లు, ఉక్కు తీగలు ఇందు చేరియున్నవి. రిమ్మును పట్టియుండు అంచులలో ఉక్కు తీగల కట్ట యుండును. బరువును మోయునది వాస్తవముగా రబ్బరు కాదు. లోపల బంధింపబడిన గాలి. ఆ గాలిని పట్టియుంచుటయే టైరు పని.

పచ్చి రబ్బరు ఎండకు జిగురగును, చలికి బిరుసెక్కును. గంధకముతో కలిపి వేడిచేసినచో ఈ దోషము పోవునని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. గాలి నింపిన టైరునకు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందినను, దానిని వాడుకలోనికి తెచ్చినది 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్. మన దేశమున హుగ్లీ తీరమునగల సాహాగంజ్‌లో 1936లో టైర్ల కర్మాగారము వెలసినది. నేడు సంగారెడ్డి జిల్లా సదాశివపేటలోను, తిరుపతి జిల్లా చిన్నపండూరులోను పెద్ద టైర్ల కర్మాగారములు కలవు.

కొరత ఏల కలుగును?

ఇన్ని కర్మాగారములుండగా అవసరమైననాడు టైరు దొరకకపోవుట ఎందువలన? మొదటి కారణము రబ్బరు చెట్టు స్వభావము. నాటిన చెట్టు పాలు ఇచ్చుటకు సుమారు ఏడు సంవత్సరములు పట్టును. ధర పెరిగినదని ఈ ఏడు నాటిన మొక్క ఈ ఏటి కొరతను తీర్చజాలదు. పైగా జోరువానలలో చెట్టును గీయుటకు వీలుకాదు. మన దేశమున రబ్బరు అత్యధికముగా కేరళమున పండును. దేశమునకు కావలసినదానికంటె పండునది తక్కువ కావున కొంత దిగుమతి చేసికొనక తప్పదు. ఇక కృత్రిమ రబ్బరు, కార్బన్ బ్లాకు పెట్రోలియము ధరను అనుసరించి పోవును.

రబ్బరు లేనిచో ఒక గొప్ప దేశమే ఎట్టి ఇక్కట్టులో పడునో 1942వ సంవత్సరము చూపినది. జపాను సైన్యములు మలయా, తూర్పు ఇండియా దీవులను ఆక్రమింపగా అమెరికాకు వచ్చు సహజ రబ్బరులో 90 శాతమునకు పైగా ఆగిపోయెను. ఆ దేశమున రేషను విధింపబడిన మొదటి వస్తువు టైరే. 1942 జనవరిలోనే ఆ రేషను అమలులోనికి వచ్చెను. వాహనములు గంటకు 35 మైళ్లకు మించి పోరాదని నిర్ణయించిరి. 1942 డిసెంబరులో దేశమంతట పెట్రోలునకు రేషను పెట్టుటకు ముఖ్యకారణము పెట్రోలు కొరత కాదు, టైర్ల అరుగుదలను తగ్గించుటయే. ఒక్కొక్క కారు యజమాని అయిదు టైర్లకు మించి ఉంచుకొనరాదని కట్టడి చేసిరి. టైర్లను నియత కాలమున తనిఖీ చేయించుకొనవలెనని ఆదేశించిరి. మరియొకవైపు కృత్రిమ రబ్బరు కర్మాగారములను త్వరత్వరగా నిర్మించి, 1944 నాటికి ఏటికి ఏడు లక్షల టన్నులకు పైగా ఉత్పత్తి చేసిరి. కాని ఆ కర్మాగారములు లేచునంతవరకు ఆ దేశమును నడిపించినవి మూడే మూడు నియమములు: మెల్లగా నడుపుట, గాలి సరిచూచుట, పాత టైరునకు కొత్త పట్టా వేయించుట. ఈ మూడును నేటి పంచాయతీ చేతిలోను కలవు.

విడిభాగముల కొరతకు కారణములు వేరు. కర్మాగారము మూతపడుట, పాత నమూనా తయారీ నిలిచిపోవుట, రవాణా స్తంభించుట వీనిలో ముఖ్యములు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినపుడు కర్మాగారములును దుకాణములును మూతపడినవి. 2021 మార్చిలో ఒక పెద్ద ఓడ సూయజ్ కాలువకు అడ్డముపడి ఆరు దినములు ఆ కాలువ గుండా సాగు వర్తకమును నిలిపివేసినది. అదే కాలమున ఎలక్ట్రానిక్ చిప్పుల కొరతచే కార్ల కర్మాగారములు తయారీని తగ్గించుకొనవలసి వచ్చినది. మన రైతులకు చిరపరిచితమైన హెచ్.ఎం.టి. ట్రాక్టరు తయారీని మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించినది. బండి గట్టిదే అయినను, దానిని చేసిన కర్మాగారము లేనపుడు భాగములకై వెదకులాట తప్పదు. కావున కొరత ఎన్నడును రాదని నమ్మి యుండుట కంటె, వచ్చునని తలచి సిద్ధపడుట వివేకము.

టైరునకు శత్రువులు

టైరు అరుగుట సహజము. అకాలమున చెడుట మన అశ్రద్ధ. దానికి నలుగురు శత్రువులు కలరు.

మొదటిది గాలి లోపము. గాలి తక్కువైనచో టైరు ప్రక్కభాగము ప్రతి చుట్టునను నలిగి వేడెక్కును. ఆ వేడికి లోపలి త్రాళ్లు రబ్బరునుండి విడిపోవును. పైకి ఏమియు కనబడదు. ఒకనాడు హఠాత్తుగా పగులును. గాలి ఎక్కువైనచో నడిమి భాగము మాత్రమే అరుగును, రాతి దెబ్బకు త్వరగా చీలును. ట్రాక్టరు ముందు టైర్లకు, వెనుక టైర్లకు, ట్రాలీ టైర్లకు గాలి కొలతలు వేరువేరు. పొలములో దున్నుటకు, బాటపై బరువు లాగుటకు కూడ వేరుగానే ఉండును. బండితో ఇచ్చిన పుస్తకములో ఈ కొలతలు ఉన్నవి. వానిని పెద్ద అక్షరములతో మడ్‌గార్డుపై వ్రాయించవలెను. గాలిని ఉదయము, టైరు చల్లగా ఉన్నపుడు, మీటరుతో చూడవలెను. కాలితో తన్ని చూచుట పరీక్ష కాదు.

రెండవది అధిక భారము. ఒక లీటరు నీరు ఒక కిలో బరువుండును. 5,000 లీటర్ల ట్యాంకరు నిండినచో నీటి బరువే 5 టన్నులు. తొట్టి బరువు, చక్రముల బరువు దీనికి అదనము. ఇంత భారమును మోయునవి కొలదిపాటి చిన్న టైర్లే. అందువలననే పంచాయతీ బండ్లలో ట్రాక్టరు టైర్ల కంటె ట్రాలీ, ట్యాంకరు టైర్లు ముందుగా చెడును. కాని ఎవ్వరును వానిని చూడరు. ట్రాక్టరును కడిగి బొట్టుపెట్టు చేతులే ట్యాంకరు టైరును కూడ తడిమి చూడవలెను.

మూడవది ఎండ. ఆరుబయట నెలల తరబడి నిలిచియున్న ట్రాలీ టైరు నడవకయే బీటలు వారును. నాలుగవది డీజిలు, ఆయిలు, గ్రీజు. ఇవి తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడును. ఒక రేకుల కప్పు, ఒక పాత గుడ్డ, కొంచెము సబ్బునీరు చాలును. ఈ రెండు శత్రువులును దూరమగుదురు.

ఎప్పుడు మార్చవలెను?

టైరుపై ఎత్తుగా ఉండు భాగమును మెకానిక్కులు వాడుకలో బటన్ అందురు. బటన్ నడుమగల గాడులు వాననీటిని, బురదను వెలుపలికి నెట్టును. గాడులు పోయిన టైరు తడి బాటపై పట్టు తప్పును. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు, 1989లో 94వ నిబంధన టైర్ల స్థితిని గూర్చినది. ఆటోలు, ద్విచక్ర వాహనముల టైర్లకు గాడి లోతు కనీసము 0.8 మిల్లీమీటర్లు, కార్లు, లారీల వంటి ఇతర వాహనములకు 1.6 మిల్లీమీటర్లు ఉండవలెనని ప్రమాణము. ఇది చివరి హద్దు. అంతవరకు వేచియుండుమని దీని అర్థము కాదు.

బటన్ ఉన్నను మార్చవలసిన గుర్తులు కొన్ని కలవు. ప్రక్కభాగమున బుడిపె లేచుట, లోపలి త్రాళ్లు బయటపడునట్లు చీలుట, రిమ్మును పట్టు అంచు తెగుట, లోతైన బీటలు వారుట, ఒకే టైరు మాటిమాటికి గాలి దిగుట. బుడిపె లేచిన టైరును ముందు చక్రమునకు ఒక్క దినమైనను ఉంచరాదు. ముందు టైరు పగిలినచో స్టీరింగు చేతినుండి జారును; ఆ బండిపై మన డ్రైవరు కూర్చుండును, వెనుక మన పారిశుద్ధ్య కార్మికులు నిలుచుందురు.

కొనునపుడు

టైరు ప్రక్కభాగమే దాని జాతకము. వెనుక టైరుపై 13.6-28 అని యున్నచో, వెడల్పు సుమారు 13.6 అంగుళములు, రిమ్ము వ్యాసము 28 అంగుళములు అని అర్థము. ట్రాలీ టైరుపై 9.00-16 అని యున్నచో అదే రీతిగా గ్రహించవలెను. ప్లై రేటింగు అను సంఖ్య దాని మోయు శక్తిని తెలుపును. పాతదానికంటె తక్కువ ప్లై గలది చవకగా దొరికినదని కొనరాదు. నాలుగు అంకెల తేదీ గుర్తును తప్పక చూడవలెను. మొదటి రెండంకెలు వారమును, చివరి రెండంకెలు సంవత్సరమును తెలుపును. 1825 అని యున్నచో అది 2025వ సంవత్సరమున 18వ వారమున తయారైనది. చాలకాలము నిలువయున్న టైరునకు ధర తగ్గించినను, ఆయుర్దాయము కూడ తగ్గియున్నదని మరువరాదు.

ఒకే ఇరుసుపై ఒకవైపు కొత్తది, మరియొకవైపు బాగుగా అరిగినది ఉండరాదు. వెనుక చక్రములలో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అయినచో బండి ఒకవైపు లాగును. లోపలి పళ్లచక్రములు నిరంతరము శ్రమపడి అరుగును. కావున వీలైనంతవరకు జతగా మార్చవలెను. పాతవానిలో మెరుగైనదానిని స్టెప్నీగా ఉంచవచ్చును. కొత్త టైరునకు కొత్త ట్యూబు వేయుట మేలు.

2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టరు వెనుక టైర్లు, వాని ట్యూబులపై జి.ఎస్.టి. 18 శాతము నుండి 5 శాతమునకు తగ్గింపబడినది. కొటేషన్లు తెప్పించునపుడు పన్నును విడిగా చూపవలెనని కోరవలెను. బిల్లుపై టైరు సంఖ్యను వ్రాయించవలెను. గ్యారంటీ కోరునపుడు ఆ సంఖ్యయే సాక్ష్యము. బిల్లు లేని సరుకు పంచాయతీకి తగదు.

మార్చునపుడు జాగ్రత్తలు

టైరు మార్పిడి చూచుటకు సులభమే గాని, తొందరపాటునకు ప్రాణములు పోయిన సందర్భములు కలవు. ఈ క్రమమును డ్రైవరు కంఠస్థము చేయవలెను.

1. గట్టి చదును నేలపై బండిని నిలిపి, ఇంజను ఆపి, బ్రేకు వేసి, గేరులో ఉంచవలెను. ట్యాంకరును ఖాళీ చేసి, ట్రాక్టరునుండి విడదీయవలెను.

2. ఎత్తని చక్రములకు ముందు వెనుకల రాళ్లో, చెక్క దిమ్మలో అడ్డముంచవలెను.

3. చక్రము నేలపై ఉండగానే నట్లను కొంచెము వదులు చేయవలెను. పిమ్మటనే జాకీతో ఎత్తవలెను.

4. ఎత్తిన వెంటనే ఇరుసు క్రింద దిట్టమైన దిమ్మ పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి దూరరాదు.

5. పట్టుకొరకు వెనుక టైర్లలో నీరు నింపియున్నచో ఆ చక్రము మిక్కిలి బరువుగా ఉండును. నీరు తీసిన పిమ్మటనే విప్పవలెను. ఇద్దరు మనుష్యులు తప్పక ఉండవలెను.

6. విప్పుటకు ముందు గాలి పూర్తిగా తీసివేయవలెను. టైరు ఉండగా రిమ్మునకు వెల్డింగు చేయుట, మంటతో కాల్చుట ప్రాణాంతకము. లోపలి గాలి వేడెక్కి బాంబువలె ప్రేలును.

7. టైరు అంచు రిమ్మున కూర్చుండుటకు వెనుక టైరులో 35 పౌండ్లకు మించి గాలి పట్టరాదు. పట్టునపుడు టైరునకు ఎదురుగా గాని, దానిపై వంగి గాని నిలువరాదు. కూర్చుండకపోయినచో గాలి తీసి, సబ్బునీరు పూసి మరల ప్రయత్నించవలెను.

8. ట్రాక్టరు వెనుక టైరుపై బాణపు గుర్తుండును. బండి ముందుకు పోవునపుడు చక్రము తిరుగు దిశకే ఆ బాణము చూపవలెను. తారుమారైనచో బురదలో పట్టు ఉండదు.

9. నట్లను వరుసగా గాక, ఎదురెదురుగా బిగించవలెను. కొంతదూరము నడిపిన పిమ్మట మరల బిగించవలెను.

రీబటన్ వేయించవచ్చునా?

పైపొర అరిగి, లోపలి కట్టడము చెక్కుచెదరని టైరునకు కొత్త రబ్బరు పట్టా వేయుటను రీట్రేడింగు అందురు. వాడుకలో రీబటన్ అని ప్రసిద్ధము. ఇది కొత్త టైరు వెలలో కొంతభాగమునకే అగును. లారీలు, బస్సులు నడుపువారు దీనిని విరివిగా వాడుదురు. ట్రాలీ, ట్యాంకరు టైర్లకు ఇది ఉపయోగపడును. కాని పూర్తిగా అరిగి త్రాళ్లు కనబడిన పిమ్మట తీసికొనిపోయినచో ఫలము లేదు. ప్రక్కభాగము చీలినది, అంచు తెగినది, గాలిలేకుండ దూరము నడిపినది రీబటన్‌కు పనికిరావు. ముందు చక్రములకు రీబటన్ టైరు వాడకుండుట క్షేమకరము. సకాలమున తీసి పంపినవానికి ఒక టైరు రెండు టైర్ల పని చేయును. ఆలస్యము చేసినవానికి ఒకటియు మిగులదు.

విడిభాగములు

ప్రతి భాగమును కొని నిలువచేయుట పంచాయతీకి సాధ్యము కాదు, అవసరమును కాదు. తరచుగా మార్చవలసినవి, లేనిచో బండి కదలనివి మాత్రము సిద్ధముగా ఉండవలెను. డీజిలు ఫిల్టరు, ఆయిలు ఫిల్టరు, ఫ్యాను బెల్టు, రేడియేటరు గొట్టములు, ఫ్యూజులు, బల్బులు, ట్రాలీ చక్రపు బేరింగులు ఒక జత, చక్రపు నట్లు, బోల్టులు, ట్రాలీ పిన్ను, ట్యూబు ఒకటి, స్టెప్నీ ఒకటి. ఇవన్నియు ఒక చిన్న పెట్టెలో, ఒక మూలలో పట్టును. క్లచ్ ప్లేటు, బ్యాటరీ, సెల్ఫ్ మోటారు వంటివి ఎచ్చట దొరకునో, భాగము సంఖ్య ఏదో వ్రాసియుంచిన చాలును. ఇరుగుపొరుగు పంచాయతీల బండ్లు ఒకే నమూనావైనచో, పెద్ద భాగములను కలిసి తెప్పించుకొనుటయు, అవసరమునకు ఒకరికొకరు స్టెప్నీ ఇచ్చుకొనుటయు మిక్కిలి లాభకరము. బదులిచ్చినది రెండు పంచాయతీల రిజిస్టర్లలోను నమోదు కావలెను.

కొరత కాలమున డూప్లికేటు సామాను బజారున పెరుగును. పెట్టెపై ముద్ర సరిగా లేకుండుట, అక్షరదోషములు, అసాధారణముగా తక్కువ ధర, బిల్లు ఇయ్యకుండుట దీని లక్షణములు. నాసిరకపు ఆయిలు ఫిల్టరు వలన మిగులు సొమ్ము స్వల్పము. చెడు ఇంజను బాగునకు అగు ఖర్చు అపారము. పాత భాగమును మెకానిక్కు వద్ద వదలక, పంచాయతీకి తెచ్చి చూపించిన పిమ్మటనే బిల్లు మంజూరు చేయు అలవాటు మంచిది.

రిజిస్టరు, నిధి

బండికి ఒక పుస్తకము పెట్టవలెను. ప్రతి సోమవారము డ్రైవరు గాలి, బటన్, నట్లు, ఆయిలు, బ్యాటరీ చూచి వ్రాయవలెను; పంచాయతీ కార్యదర్శి సంతకము చేయవలెను. ఏ టైరు ఏ తేదీన, ఎన్ని గంటల మీటరు అంకెవద్ద వేయబడినదో నమోదు చేయవలెను. నెలవారీ సమావేశమున ఈ పుస్తకమును ఒకసారి చదివి వినిపింపవలెను. పైన చెప్పిన గ్రామమున లేనిది ఈ ఒక్క పుటయే.

నిధి విషయమును ఒక లెక్కతో గ్రహింపవచ్చును. మాటవరుసకు ఒక టైరు వెల 20,000 రూపాయలనియు, అది 2,000 గంటలు పనిచేయుననియు అనుకొందము. అప్పుడు బండి నడచు ప్రతి గంటకు ఆ టైరు 10 రూపాయలు ఖర్చగుచున్నదన్నమాట. రెండు టైర్లకు 20 రూపాయలు. నెలకు 80 గంటలు నడచినచో 1,600 రూపాయలు. డీజిలు ఖర్చు కంటికి కనబడును, ఈ ఖర్చు కనబడదు. కాని డీజిలు వలెనే ఇదియు ప్రతి గంటకు కరగుచున్నది. మీ గ్రామపు వాస్తవ ధరలతో ఈ లెక్క వేసి, బడ్జెటు తయారుచేయునపుడే టైర్లు, మరమ్మతుల పద్దు క్రింద ఆ మొత్తమును చూపవలెను. ఎండకాలము వచ్చుటకు ముందే, ఫిబ్రవరిలో తనిఖీ చేసి, తీర్మానము చేసి, కావలసినవి తెప్పించుకొనవలెను. మే నెలలో పరుగెత్తువానికి ధరయు ఎక్కువ, ఎంపికయు తక్కువ.

పాత టైరు ఏమి చేయవలెను?

మార్చిన టైరును పంచాయతీ ఆవరణలో పడవేయుట వాడుక. వాననీరు దానిలో నిలుచును. అది డెంగీ, చికున్‌గున్యా జ్వరములను వ్యాపింపజేయు ఏడిస్ దోమకు పుట్టినిల్లు. ఈ దోమ గ్రుడ్లు టైరు లోపలి గోడకు అంటుకొని, నీరెండినను నెలల తరబడి జీవించియుండి, మరల తడి తగులగానే పొదుగును. 1985లో ఇట్టి దోమజాతి ఒకటి ఆసియా ఖండమునుండి పాత టైర్ల ద్వారా అమెరికాకు చేరి స్థిరపడినదని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. సముద్రము దాటగల దోమకు మన వీధి దాటుట కష్టము కాదు. పాత టైరును కప్పు క్రింద ఉంచవలెను, లేదా రంధ్రములు చేయవలెను. వారమునకొకసారి పాటించు డ్రై డే నాడు టైర్లను కూడ చూడవలెను.

కొందరు భోగిమంటలో టైర్లు వేయుదురు. కట్టెల మంట చలి తీర్చును. టైరు మంట విషవాయువులను, నల్లని మసిని వెదజల్లి పసిపిల్లల, వృద్ధుల ఊపిరితిత్తులను బాధించును. పండుగకు ముందే దండోరా వేయించి దీనిని ఆపవలసిన బాధ్యత పంచాయతీది. 2022లో కేంద్రప్రభుత్వము వెలువరించిన నిబంధనల ప్రకారము వ్యర్థ టైర్లను తిరిగి ఉపయోగములోనికి తెచ్చు బాధ్యత తయారీదారులపై మోపబడినది. కావున పాత టైర్లను తీర్మానముతో లెక్కకట్టి, నమోదు పొందిన రీసైక్లింగు సంస్థలకు చేర్చు వ్యాపారులకే అమ్మి, సొమ్మును పంచాయతీ ఖాతాకు జమచేయవలెను.

ముగింపు

టైరు చిన్న వస్తువుగా తోచవచ్చును. కాని అది ఆగిననాడు కాలనీలో బిందె ఖాళీగా ఉండును, వీధిలో చెత్త నిలుచును, మొక్క వాడును. రబ్బరు చెట్టు ఎప్పుడు పాలిచ్చునో, ఓడ ఎప్పుడు వచ్చునో మన చేతిలో లేదు. సోమవారము ఉదయము గాలి చూచుట మన చేతిలోనే ఉన్నది. నేను చెప్పిన గ్రామమున ఆ వేసవి గడచిన పిమ్మట బండికి ఒక పుస్తకము పెట్టిరి. మరుసటి ఏడు నేను వెళ్లినపుడు సర్పంచి దానిని నా చేతికిచ్చినది. ఫిబ్రవరి పుటలో డ్రైవరు చేతివ్రాతతో ఇట్లున్నది: "ట్యాంకరు ఎడమ టైరు బుడిపె లేచినది. మార్చవలెను." దాని క్రిందనే తీర్మానము సంఖ్య, టైరు వచ్చిన తేదీ వ్రాయబడియున్నవి. ఆ వేసవిలో ట్యాంకరు ఒక్క దినమైనను ఆగలేదు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు టైర్ల కొలతలు, తయారీ తేదీలు మన వద్ద వ్రాసియున్నవా?

2. మనకు స్టెప్నీ కలదా? దానిలో గాలి ఉన్నదా?

3. టైర్లు, మరమ్మతులకు ఈ ఏటి బడ్జెటులో ఎంత చూపితిమి? అది నడచిన గంటల లెక్కకు సరిపోవునా?

4. బండి మూడు దినములు ఆగినచో నీటికి, చెత్తకు ప్రత్యామ్నాయ ఏర్పాటు ఏమి?

5. గ్రామమున పాత టైర్లు ఎన్ని చోట్ల పడియున్నవి? వానలకు ముందు వానిని ఎవరు, ఏ తేదీలోగా తొలగింతురు?